మూడో రోజు దాకా ఆగిన భూస్థాపన

శవానికి స్నానం చేయించేటప్పుడు నోరు మెదపకూడదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరైనా నా దగ్గరికి వచ్చి, “మీ అనుభవంలోంచి ఒక మాట చెప్పండమ్మగారూ” అంటే నేను చెప్పేది ఇదొక్కటే. వాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. ఏదో మంచి వాక్యం చెబుతానని వచ్చినవాళ్ల ముందు శవాల సంగతి ఎత్తితే ఎలా ఉంటుంది మరి. తక్కినవన్నీ మీకు ట్రైనింగులో చెబుతారమ్మా. సండే స్కూలు పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో, ఎవరింట్లో కాఫీ తాగితే పక్కింట్లో ఎవరికి కోపమొస్తుందో, అవన్నీ మెల్లగా తెలిసొస్తాయి. ఇది తెలిసొచ్చేసరికి ఆలస్యమైపోతుంది. నాకు అలాగే అయింది.

మా రోజుల్లో మా ఉద్యోగాన్ని బైబిల్ ఉమన్ అనేవారు. దొరల కాలంలో పెట్టిన పేరు. ఊళ్లో జనం మాత్రం బైబిలమ్మగారు అని పిలిచేవారు. పాస్టరుగారు ప్రసంగం చెబుతారు, బాప్తిస్మాలిస్తారు, పెళ్లిళ్లు చేస్తారు. మేము ఆడవాళ్ల వంటిళ్లల్లోకి, పురిటి మంచాల దగ్గరికి, అత్తాకోడళ్లు మాట్లాడుకోని ఇళ్లల్లోకి వెళ్తాం. ఆడమనిషి ఎవరైనా చనిపోతే స్నానం చేయించి, తెల్లచీర కట్టి, చేతులు గుండెల మీద జోడించి పెట్టెలో సర్దేది కూడా మేమే. ఏలూరులో రెండేళ్ల ట్రైనింగయ్యాక ముప్ఫై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. పురుళ్ల దగ్గర ఎన్నిసార్లు ఉన్నానో, పెట్టెల దగ్గర అంతకు రెట్టింపు ఉన్నాను.

నాకు స్నానం చేయించడం నేర్పిన పెద్దావిడది కామవరపుకోట దగ్గర మెట్ట ఊరు. మాట కరుకు, చెయ్యి మెత్తన. మనిషి పోయిన కొన్ని గంటలకి ఒళ్లు బిగుసుకుపోతుంది. చేతులు ఎటున్నవి అటే ఉండిపోతాయి, జోడిద్దామంటే రావు. కొత్తవాళ్లు బలంగా లాగుతారు. అలా లాగకూడదు. వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి, మోచేతి నుంచి వేళ్ల దాకా చుట్టి, కాసేపు ఆగి, మెల్లగా రాస్తూ కిందికి రావాలి. వేళ్లు ఒక్కొక్కటే వదులవుతాయి.

“అప్పుడా చెయ్యి నీ చేతికి బతికున్న చెయ్యిలాగే తగులుద్ది” అని చెప్పిందావిడ. “తగిలినా నోరెత్తకు. పక్కన తల్లి ఉంటుంది.”

ఎత్తితే ఏమవుతుందండీ అని అడిగాను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, ప్రతిదానికీ ఎందుకని అడిగే రకం.

“ఏవవుద్దో చూద్దావనుందా?” అని తువ్వాలు నా భుజం మీద పడేసి వెళ్లిపోయింది.

పంతొమ్మిది వందల తొంభై దాటాక నన్ను కొల్లేట్లో ఒక లంక ఊరికి వేశారు. కొల్లేటికోట వైపు నుంచి పడవ మీద వెళ్లాలి. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే సగం దూరం పడవ, సగం దూరం బురద. ఊళ్లో ఒకవైపు చేపలు పట్టుకునే హిందువుల ఇళ్లు, ఇంకోవైపు మావాళ్ల ఇళ్లు ఓ నలభై, మధ్యలో పెంకుల చర్చి. పాస్టరుగారు గట్టు మీది పెద్ద ఊళ్లో కాపురముండి నాలుగు ఊళ్లు చూసుకునేవారు. మా ఊరికి నెలకి రెండు ఆదివారాలు వచ్చేవారు. తక్కిన రోజుల్లో ఊళ్లో దేవుడి తరపు మనిషిని నేనే. నవ్వకండి, నిజంగా అలాగే అనుకునేదాన్ని.

నేను చెప్పేది ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించేసిన మరుసటి ఏడాది సంగతి. సరస్సులోకి జరిగి చెరువులు తవ్వారని గట్లు కొట్టేశారు. చెరువులతో పాటు వాటిలో చేపలకి మేత వేసే కూలిపనీ పోయింది. ఆ పని మీదే బతికిన ఒకావిడ ఉండేది. భర్త ఏనాడో పోయాడు, ఒక్కతే కూతురు. ఆవిడ చర్చిలో ఎప్పుడూ గోడ పక్కన మూడో వరసలో కూర్చునేది. అందరూ చేతులెత్తి ప్రార్థన చేస్తుంటే ఒళ్లో చేతులు పెట్టుకుని తలొంచుకునేది. దేవుడు తనకేం చేశాడో సాక్ష్యం చెప్పమంటే చిన్నగా నవ్వి తల అడ్డంగా ఊపేది. లోతైన నీళ్లు చప్పుడు చెయ్యవు కదా, ఊరంతటికీ కలిపి అసలైన విశ్వాసం ఈవిడలో ఉందని నేను చాలాసార్లు అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు, మనసులోనే పెట్టుకున్నాను.

కూతురు తల్లికి పూర్తిగా ఎదురు. సండే స్కూల్లో నన్ను కూర్చోనిచ్చేది కాదు. ప్రభువు సమాధిలోంచి లేచాక శిష్యుల దగ్గర చేప ముక్క తిన్నాడని ఒకసారి చెబితే, “ఏం చేపండీ? కొరమేనా, మట్టగిడసా?” అని అడిగింది. మట్టగిడసే అయ్యుంటుందన్నాను. “అయితే ముళ్లుంటాయి కదండీ, చేతులకి గాయాలున్నాయి కదా, ముళ్లెవరు తీశారండీ?” అంది. ఏడేళ్ల పిల్ల. వాళ్లమ్మ తీసుంటుందిలే అన్నాను. ఆ జవాబు దానికి నచ్చింది.

ఆ పిల్ల పెద్దదై ఏలూరులో నర్సింగ్ ట్రైనింగులో చేరింది. చివరి ఏడాది పచ్చకామెర్లు వచ్చి హాస్టల్లో పడిపోయింది. ఈస్టరుకి ముందు వారం, సోమవారం నాడు ఆస్పత్రిలో చేర్చారు. తల్లి పరుగెత్తుకుని వెళ్లింది. మేము ఊళ్లో రోజూ సాయంత్రం ప్రార్థన పెట్టాం. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. శుక్రవారం తెల్లవారుజామున పోయింది. గుడ్ ఫ్రైడే నాడు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. మా ఊళ్లో దాన్ని సంఘపెద్ద నడిపేవారు, రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. అయిదో మాట నడుస్తుండగా పిల్లని పడవలో తీసుకొచ్చారు. నేను మధ్యలో లేచి వెళ్లిపోయాను. నాతో సంఘపెద్ద భార్య వచ్చింది. గదికి చీర అడ్డం కట్టి, నీళ్లు కాచి, పని మొదలుపెట్టాం. మామూలుగా తల్లిని బయట కూర్చోబెడతాను. ఆవిడ కదల్లేదు. పిల్ల కాళ్లు పట్టుకుని కూర్చుంది. పోనీలే అన్నాను.

కుడిచెయ్యి పక్కకి చాపి బిగుసుకుపోయి ఉంది. తువ్వాలు చుట్టాను. రాశాను. కణుపు తర్వాత కణుపు వదులవుతూ వచ్చింది. నా చూపుడువేలు ఆ పిల్ల అరచేతిలో ఉంది. వేళ్లు వదులై, లోపలికి వంగి, నా వేలిని మెత్తగా చుట్టుకున్నాయి.

ఇలాంటి చేతులు వంద పట్టుకుని ఉంటాను. ఎందుకలా వంగుతాయో, ఆ వేడి ఎక్కడిదో నాకు తెలుసు. తెలిసి కూడా, “చెయ్యి వేడిగా ఉంది” అన్నాను. మూడే మాటలు.

ఎందుకన్నావు అని మీరడుగుతారు. తర్వాత ఏలూరు మిషను ఆఫీసులో కూడా అదే అడిగారు. పెళ్లయిన నాలుగేళ్లకే నా భర్త పోయాడు. అప్పట్నుంచీ ప్రతి పెట్టె దగ్గరా నిలబడి లేస్తారమ్మా, లేస్తారు అని చెబుతూనే ఉన్నాను. అంత్యదినాన లేస్తారన్నది మా నమ్మకం, శుక్రవారం మధ్యాహ్నం కాదు. ఆ తేడా నాకు తెలియక కాదు. కానీ చెప్పీ చెప్పీ నాలిక అరిగింది, చూడ్డానికి మాత్రం ఒక్కటీ చూడలేదు. గాయాల్లో వేలు పెట్టి చూస్తేగాని ఆయన లేచాడని నమ్మనన్న శిష్యుడికి ప్రభువు వేలు పెట్టి చూడమన్నాడు. నా వేలు ఆ పిల్ల చేతిలో ఉంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నాకు చూపిస్తే ఏం పోయిందని నా మనసు గోల పెట్టింది. అంతే, నోరు జారింది.

సంఘపెద్ద భార్య చీర తోసుకుని బయటికి పరుగెత్తింది. చర్చిలో ఏడో మాట పూర్తి కాకుండానే జనం వచ్చి వాకిట్లో పడ్డారు. మంచి శుక్రవారం నాడు పోయింది కాబట్టి ఆదివారం లేస్తుందని మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. పావుగంటలో ఊరంతా అదే మాట. అవతలి వైపు వాళ్లు కూడా వలలు వదిలేసి వచ్చి దూరంగా నిలబడ్డారు. తల్లి మాత్రం పిల్ల కాళ్లు వదల్లేదు, నా వైపు చూసింది. నేను తల ఊపాను.

నాలుగింటికి భూస్థాపన చెయ్యడానికి పాస్టరుగారు పడవ దిగారు. కొత్తగా చదువుకుని వచ్చిన కుర్రాయన, ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. సంఘపెద్ద చెప్పిందంతా విని నన్ను చర్చి వెనకాల పంపు దగ్గరికి రమ్మన్నారు.

“మీరు నిజంగా చూసేరాండీ అమ్మా?”

“చెయ్యి వేడిగా తగిలింది అయ్యగారూ.”

“ఆస్పత్రివాళ్లు కాగితం ఇచ్చేరు కదండీ?”

“ఇచ్చేరండీ.”

ఆయన పంపు కొట్టి మొహం కడుక్కున్నారు. “లేవదని నేనెలా చెప్పనండీ?” అన్నారు చివరికి. “ఎల్లుండి పొద్దున్నే ఈ ఊళ్లోనే నిలబడి ఆయన లేచేడని చెప్పాల్సినవాణ్ణి. ఇవాళ వీళ్లకి కాదంటే, ఆ రోజు నా మొహం చూస్తారా?”

శవానికి వేడి తువ్వాలు చుడతారన్న సంగతి మగవాళ్లకి తెలియదు. పక్కనే ఉండి చూసిన సంఘపెద్ద భార్యకి ఆ హడావిడిలో అది గుర్తే లేదు. నేను చెప్పలేదు. ఆదివారం పొద్దున దాకా చూద్దామని ఆయన పక్క ఊరి ఆరాధనకి వెళ్లిపోయారు. ఎండలు ముదిరిపోతున్నాయి. సాయంత్రం సంఘపెద్ద గట్టు మీది చేపల ప్యాకింగు షెడ్డు నుంచి పడవ నిండా ఐసు దిమ్మలు, ఊక తెప్పించారు. అందరికంటే గట్టిగా లేస్తుందన్నది ఆయనే, ఐసు తెప్పించిందీ ఆయనే. ఆ రెండూ ఒక్క మనిషిలో ఎలా పట్టాయా అని అప్పుడు నేను ఆలోచించలేదు. నాలోనూ పట్టాయి కనక.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి దుప్పటి ఎత్తి చూశాను. గోళ్లు నల్లబడ్డాయి. ఐసు కింద నుంచి కూడా వాసన మొదలైంది. ఇంక చూడ్డానికేమీ లేదు. తల్లి తలవైపు కూర్చుని నన్నే చూస్తోంది.

“ఎలా ఉందండీ?” అంది.

శుక్రవారం నేనన్నది పొరపాటు. దానికి దేవుడూ మనుషులూ క్షమించవచ్చు. ఇప్పుడు అన్నది పొరపాటు కాదు. “ఇంకా ఒక రోజుంది కదమ్మా” అన్నాను. ఆవిడ మెల్లగా తల ఊపింది. ఆ ఊపు చూసి, ఈవిడకి ఇంకా నమ్మకం ఉంది, అది నా చేతులతో ఎలా తీసెయ్యను అనుకున్నాను. సిగ్గులేకుండా ఇంకోటి కూడా అనుకున్నాను. అంత నమ్మకం ఉన్న మనిషి పక్కన కూర్చుంటే, ఏమో, గోళ్లు మళ్లీ తెల్లబడతాయేమో అని.

శనివారమంతా చుట్టుపక్కల లంకల నుంచి పడవలు వస్తూనే ఉన్నాయి. ఆడవాళ్లు వంతులేసుకుని పాడారు. సగం ఊరు ఉపవాసం. ఒకాయన జ్వరంతో ఉన్న బిడ్డని తెచ్చి, నా చేత నుదుటి మీద చెయ్యి పెట్టించుకున్నాడు. సంగతి కూడా గంటగంటకీ పెరిగింది. పొద్దున చెయ్యి వేడిగా ఉంది. మధ్యాహ్నానికి పిల్ల నా వేలు పట్టి లాగింది. సాయంత్రానికి కళ్లు తెరిచి అమ్మా అని మూసుకుంది. ఆ గదిలో జరిగింది నాకంటే ఊరికే బాగా తెలుసు. నేను కాదనలేదు.

ఈస్టరు పొద్దున చీకటుండగానే తెల్లబట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని అందరం సమాధుల దొడ్డికి వెళ్లడం మా ఆచారం. ఊరికి చివర కాస్త మెరక నేల, వానలకి అదీ మునుగుతుంది. అక్కడ ఎవరి సమాధి దగ్గర వాళ్లు నిలబడి, ప్రభువు లేచాడని ఒకరికొకరు చెప్పుకుని, పాడుకుని వస్తాం. ఆ ఏడాది సమాధుల దొడ్డికి ఎవరూ వెళ్లలేదు. కొవ్వొత్తులన్నీ ఆవిడ వాకిట్లోనే వెలిగాయి.

పాడాం. కొల్లేటి మీద తెల్లారింది. ఎండ గుమ్మం మీద పడింది. కొవ్వొత్తులు ఆర్పాలా వద్దా అని జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో ఇంకో పాట ఎత్తారు, రెండో చరణంలో ఆగిపోయింది. ఐసు నీళ్లు గుమ్మం కింద నుంచి వాకిట్లోకి వస్తున్నాయి. పిల్లలు ఆకలంటున్నారు. పాస్టరుగారు వచ్చి నిలబడ్డారు. అరుగు మీదికి కూడా ఎక్కలేదు.

అందరూ చూస్తున్నది ఒక్కటే, ముందు ఎవరంటారా అని. సంఘపెద్ద ఏడుస్తూ లేచారు. “ఈ ఇంట్లో ఎవరికో నమ్మకం తక్కువయ్యింది” అన్నారు.

ఎవరి పేరూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. వాకిలి మొత్తం తల్లి వైపు తిరిగింది. ఆయన భార్య, “రెండ్రోజుల్నుంచీ ఒక్క ప్రార్థనైనా పైకి చేసిందాండీ?” అంది. “ఏనాడు చెయ్యెత్తింది?” అని వెనకనుంచి ఇంకో గొంతు. కూతురు పోయిన మనిషి మీద కూతుర్ని లేవకుండా చేసిందన్న నేరం కూడా పడుతోంది. ఆవిడ తలొంచుకుని గుమ్మంలో కూర్చునే ఉంది. తనే చేసినట్టు కూర్చుంది.

అప్పుడు లేచాను. అంతకుముందు లేవాల్సినదాన్ని, అప్పటికి లేచాను. “ఆవిడదేం లేదండీ. ఆ వేడి నీళ్లది” అన్నాను. తువ్వాలు ఎలా ముంచుతామో, ఎలా చుడతామో, వేళ్లు ఎందుకు వంగుతాయో అంతా చెప్పాను. ట్రైనింగులో పాఠం చెప్పినట్టు చెప్పాను. నిన్న పొద్దున చూసింది కూడా చెప్పాను.

వాకిట్లో ఒక్కొక్కరే కొవ్వొత్తులు ఆర్పారు.

“మరి నిన్ననే ఎందుకు చెప్పలేదండీ?” అన్నారు సంఘపెద్ద.

“ఆశపడ్డానండీ.”

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. తిట్టి ఉంటే బాగుండేది. మొదటి వరసలో ఒక ముసలామె మాత్రం, “మీరు నోరు మూసుకునుంటే లేచేదేమోనండీ, మీ అపనమ్మకమే చెడగొట్టింది” అంది. సరేనమ్మా అన్నాను. ఆ మాట తల్లి మీద పడే బదులు నా మీద పడటం నయం. అంతకంటే చెయ్యగలిగిందేమీ నాకు మిగల్లేదు.

తొమ్మిదింటికి పెట్టె తీసుకెళ్లాం. మోసినవాళ్లు మొహాలకి గుడ్డలు కట్టుకున్నారు. గుంట దగ్గర పాస్టరుగారు పుస్తకం తెరిచి, మృతులు లేపబడతారన్న చోటికి వచ్చి ఆగారు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగారు. చివరికి పుస్తకం మూసి మట్టి వెయ్యమన్నారు. ఆ రోజు మా ఊళ్లో ఎవరూ ఎవరితోనూ ప్రభువు లేచాడని చెప్పుకోలేదు.

నన్ను ఏలూరు ఆఫీసుకి పిలిచి సంజాయిషీ రాయమన్నారు. రాశాను. నెల తిరక్కుండా అక్కడి నుంచి మార్చేసి ఒక ఆడపిల్లల హాస్టల్లో వేశారు. పాస్టరుగారు ఆ ఏడాది చివర్లో సేవ మానేశారు. కొన్నేళ్లకి తాడేపల్లిగూడెం బస్టాండులో కనబడ్డారు. అక్కడ ఒక స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నారట. చేతిలో పేపర్ల కట్ట, కాస్త ఒళ్లు చేశారు.

“ఇంకా చేయిస్తున్నారాండీ స్నానాలు?” అన్నారు.

“ఇప్పుడు హాస్టల్లో కదండీ. ఎవరైనా పిలిస్తే వెళ్తాను. నోరు మూసుకుని చేయించి వస్తాను.”

ఆయన నవ్వారు. ఈస్టరుకి చర్చికి వెళ్తున్నారా అని నేను అడిగాను. మా ఆవిడ ఊరుకోదు కదండీ అన్నారు. బస్సు వచ్చింది, ఎక్కేశారు. ఆ కుర్రాయన ప్రసంగాలు బాగా చెప్పేవారు. నేను శుక్రవారమే తువ్వాలు సంగతి చెప్పి ఉంటే ఆయన ఈపాటికి పెద్ద సంఘంలో ఉండేవారేమో.

ఇక ఆ ఆదివారం సాయంత్రం సంగతి. ఇది సంజాయిషీలో రాయలేదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు కూడా.

దీపాలు పెట్టే వేళకి ఆవిడింటికి వెళ్లాను. గది కడిగేశారు, నేలంతా ఇంకా తడిగా ఉంది. ఆవిడ ఒక్కతే గోడకానుకుని కూర్చుంది. నేను ఎదురుగా చతికిలబడ్డాను.

“నన్ను క్షమించమ్మా” అన్నాను.

“దేనికండీ?”

“అబద్ధమాడాను. లేని ఆశ పెట్టి మూడ్రోజులు నిన్ను చంపుకు తిన్నాను.”

“నాకు ఆశ ఎప్పుడుందండీ” అంది. గొంతు మామూలుగానే ఉంది. “ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకునే ఉంది. తెల్లారగట్ల వదిలేసింది. వదిలేసినప్పుడు తల్లికి తెలీదాండీ?”

“మరి శుక్రవారం నేనలా అంటే ఎందుకూరుకున్నావమ్మా?” అన్నాను.

“మీరన్నారు కదండీ. నాకు తెలీనిది మీకు తెలుసుంటదనుకున్నాను. నాకు చిన్నప్పట్నించీ చర్చిలో కూర్చోడం వచ్చండీ. అందరికీ వచ్చేది నాకు రాలేదు. చెయ్యెత్తుదావంటే చెయ్యి లేచేది కాదు. పోన్లే, బైబిలమ్మగారికుంది, ఆవిడకున్నది మా అందరికీ సరిపోద్దిలే అనుకునేదాన్ని.”

గోడ పక్కన మూడో వరసలో కూర్చునే ఆ మనిషిని చూసి నేనేమనుకునేదాన్నో మీకు చెప్పాను. ఆవిడకి చెప్పలేకపోయాను.

“నిన్న పొద్దున్న మీరు దుప్పటెత్తేరు కదండీ” అందావిడ. “నేను పిల్లకేసి చూళ్లేదు. మీ మొహంకేసే చూసేను. అప్పుడు తెలిసిపోయింది.”

“అప్పుడైనా నన్ను నిలదియ్యకపోయావా తల్లీ?”

“ఏవని అడగనండీ. మీరు అలా అయిపోయేరు. ఇంకా ఒక రోజుంది అన్నారు. పాపం, ఈవిడకి ఆ ఒక్క రోజూ ఉండనిద్దాంలే అనుకున్నాను.”

కూతురి శవం పక్కన కూర్చుని, ఆ వాసనలో, నా కోసం ఒక రోజు ఆగింది. ఆవిడకి నమ్మకం ఉందని నేను ఆగాను. నాకు ఉందని ఆవిడ ఆగింది. వాకిట్లో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డ వాళ్లలో ఇంకెంతమంది పక్కవాళ్లని చూసి ఆగారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఏడవాల్సింది ఆవిడ, ఏడ్చింది నేను.

ఆవిడ నేను ఆపేదాకా ఊరుకుని, “ఏవండీ” అంది. “అయితే మీక్కూడా తెలీదన్నమాట.”

నిష్ఠూరం లేదు, కోపం లేదు. బస్సు ఇక రాదని తెలిసినవాళ్లు పక్కవాళ్లతో అన్నట్టు అంది. తెలుసమ్మా అనడం నా ఉద్యోగం. దానికే నన్ను ఆ ఊరు పంపారు. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది. తెలియదు అని కూడా అనలేకపోయాను. ఇన్నేళ్లయింది, ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాది అదే అవస్థ.

ఆవిడ లేచింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, పక్కింటివాళ్లు గిన్నె నిండా అన్నం, పప్పుచారు తెచ్చి పెట్టి వెళ్లారు. పళ్లెం కడిగి, నాకు వడ్డించి, నా ముందు పెట్టింది.

“మొన్నట్నించీ మీరేం తిన్లేదు, తినండి” అంది.

నేను తిన్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని, నేను తినేదాకా చూసింది.